నువ్వు రాకపోతే జట్టే లేదు

*అమెరికా శివారు పట్టణాల్లో చిన్న ప్రభుత్వ హైస్కూళ్లున్నాయి. తొమ్మిది వందల మంది పిల్లలతోనే ఇరవై ముప్ఫై జట్లు దింపుతాయి, ఐదు వేల మందున్న బడుల పక్కన తలెత్తుకుని నిలబడతాయి. పిల్లలు తక్కువగా ఉండటమే వాటికి ఎలా కలిసొచ్చింది?*

2010 ఏప్రిల్ 5 రాత్రి. ఇండియానాపోలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో డెబ్బై వేల మంది లేచి నిలబడ్డారు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ ముగియడానికి ఇంకా 3.6 సెకన్లుంది. డ్యూక్ 60, బట్లర్ 59. ఫ్రీ త్రో గీత దగ్గర డ్యూక్ కుర్రాడు బ్రయాన్ జూబెక్. ఎత్తు ఏడడుగుల ఒక అంగుళం. మొదటి బంతి బుట్టలో పడింది. రెండోది కావాలనే తప్పించమన్నాడు కోచ్ మైక్ షుషెవ్‌స్కీ. బుట్టలో పడితే అవతలివాళ్లు బంతిని తీరుబడిగా లోపలికి విసిరి, అనుకున్న ఎత్తుగడ ఆడతారు. తప్పితే ఆ పెనుగులాటలోనే సమయం అయిపోతుంది. జూబెక్ చెప్పినట్టే చేశాడు. బంతి బట్లర్ ఆటగాడు గోర్డన్ హేవార్డ్ చేతికి చిక్కింది. మైదానం మధ్యనుంచే విసిరాడు. పలకకు తగిలి, రింగును ముద్దాడి బయటికొచ్చింది. డ్యూక్ 61–59తో చాంపియన్.

ఆ జూబెక్ హైస్కూలు చదువంతా న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్ అనే చిన్న శివారు పట్టణంలో సాగింది. ఫీజు లేని ప్రభుత్వ బడి. ఊరి పిల్లలే విద్యార్థులు. అతడున్న కాలంలో ఆ బడి బాస్కెట్‌బాల్ జట్టు 2004 నుంచి 2006 దాకా వరుసగా మూడుసార్లు రాష్ట్ర టైటిల్ గెలిచింది.

ఏడడుగుల కుర్రాడు ఏ ఊళ్లో పుట్టినా ఏదో ఒక కోచ్ కంట పడతాడు, అదేమంత విశేషం కాదు. విశేషమంతా ఆ బడిలో మిగతా పిల్లలది.

ఇప్పుడెందుకీ మాట

అమెరికా ఇళ్లలో పిల్లల ఆటల మీద చర్చ ఎప్పుడూ ఉండేదే. 2025 జూన్‌లో వచ్చిన ఓ కోర్టు తీర్పు దానికి కొత్త మంట రాజేసింది. కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చని, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ రెండు కోట్ల డాలర్ల పైచిలుకు దాకా ఇవ్వొచ్చని ఒప్పందం ఖరారైంది. ఇన్నాళ్లూ స్కాలర్‌షిప్పే పెద్ద బహుమతి. ఇప్పుడు జీతంలాంటిది. దాంతో ఎనిమిదో తరగతి పిల్లాడి బంతి విసురు చూసి లెక్కలు కట్టే తండ్రులు ఎక్కువయ్యారు.

ఈ చర్చ తెలుగు ఇళ్లలోకీ వచ్చింది. డాలస్ శివార్లలోనో, ఎడిసన్ చుట్టుపక్కలో ఇల్లు కొనబోయే జంట మొదట చూసేది బడి రేటింగు. రెండోది, పిల్లవాడికి అక్కడ ఏదో ఒక జట్టులో చోటు దొరుకుతుందా లేదా అన్నది. ఈ రెండో ప్రశ్న పదేళ్ల క్రితం అంతగా వినపడేది కాదు. విజయవాడ నుంచి ఫోన్‌లో నానమ్మ “రోజూ సాయంత్రం ఆ బంతాటకేనా అమ్మా? చదువెప్పుడు?” అని అడుగుతుంది. కోడలు “అదీ చదువులో భాగమే అత్తయ్యా” అంటుంది. ఆవిడ నమ్మదు. అమెరికా బడి కథ తెలిస్తే కొంత నమ్మేదేమో.

డైనోసార్ ఊరు, దాని బడి

హాడన్‌ఫీల్డ్ ఫిలడెల్ఫియా నగరానికి డెలావేర్ నది అవతల ఉంది. నగరానికి రైలెక్కితే అరగంట కూడా పట్టదు. జనాభా పన్నెండు వేల పైచిలుకు. 1858లో ఇక్కడి మట్టిగుంటలో డైనోసార్ అస్థిపంజరం బయటపడింది. ఆ జీవికి హాడ్రోసారస్ అని పేరు పెట్టారు. బజారు మధ్యలో దాని విగ్రహం కూడా నిలబెట్టారు. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఊళ్లో మద్యం దుకాణాలు లేవు. ‘హాలోవీన్’ అనే భయానక చిత్రం చూసినవాళ్లకు ఈ పేరు పరిచయమే. ఆ సినిమా రాసినవారిలో ఒకరైన డెబ్రా హిల్ ఈ ఊరి పిల్ల. కథలోని ఊరికి తన ఊరి పేరే పెట్టేసింది. అసలు ఊళ్లో అంత భయపెట్టే సంగతులేం లేవు, ఇంటి పన్ను తప్ప.

ఆ పన్ను సంగతి నవ్వులాటకు అన్నది కాదు. ఈ బడులన్నిటికీ మూలాధారం అదే. అమెరికాలో ఇంటి పన్నులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం న్యూజెర్సీ. అందులో పెద్ద వాటా స్థానిక బడికే పోతుంది. మైదానంలో గడ్డి, జిమ్‌లో చెక్కనేల, కోచ్ చేతికిచ్చే చిన్న మొత్తం, మ్యాచ్‌లకు తీసుకెళ్లే పసుపు బస్సు, అన్నీ ఊరి జనం జేబులోంచి వచ్చినవే. అందుకే శుక్రవారం సాయంత్రం పిల్లలు బడి వదిలేసి ఎన్నో ఏళ్లయిన ముసలివాళ్లు కూడా గ్యాలరీలో కనిపిస్తారు. డబ్బు పెట్టినవాళ్లు కదా, చూసుకోవాలి.

హాడన్‌ఫీల్డ్ మెమోరియల్ హైస్కూల్లో నాలుగు తరగతులు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా. మొత్తం మీద తొమ్మిది వందల మంది అటూ ఇటూ. పక్కనే ఉన్న చెర్రీ హిల్‌లో ఇంతకన్నా పెద్ద బడులు రెండున్నాయి. అయినా న్యూజెర్సీ రాష్ట్ర క్రీడా సంఘం ఏడాది పొడవునా అన్ని ఆటల్లో ప్రతిభ చూపిన బడికిచ్చే షాప్‌రైట్ కప్పు, దాదాపు తనంత పరిమాణమున్న బడుల వర్గంలో ఈ బడికి పలుమార్లు దక్కింది. ఒక్క ఆటలో మెరిస్తే ఆ కప్పు రాదు. అన్నిట్లో పాయింట్లు కూడాలి.

ఏడాదికి మూడు పంటలు

మన బడుల్లో పీఈటీ సారు ఒకరుంటారు, పీరియడ్ ఒకటుంటుంది. గణితం సిలబస్ పూర్తికాకపోతే మొదట ఎగిరిపోయే పీరియడ్ అదే. అమెరికా ప్రభుత్వ హైస్కూలు తీరు వేరు. ఆటలు మధ్యాహ్నం బడి వదిలాక మొదలవుతాయి. వారంలో ఐదారు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున సాధన. ఏడాదిని మూడు సీజన్లుగా విడగొడతారు. ఆగస్టు నుంచి నవంబరు దాకా అమెరికా ఫుట్‌బాల్, సాకర్, ఫీల్డ్ హాకీ, క్రాస్ కంట్రీ పరుగు. చలికాలం బాస్కెట్‌బాల్, కుస్తీ, ఈత. మంచు కరిగాక బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, లక్రాస్, ట్రాక్ అండ్ ఫీల్డ్. న్యూజెర్సీలో టెన్నిస్ కూడా ఇలాగే పంచుకున్నారు. ఆడపిల్లలకు ఆకురాలు కాలంలో, మగపిల్లలకు వసంతంలో. కోర్టులు అవే, పోట్లాట లేదు.

ప్రతి ఆటకూ మెట్లుంటాయి. కొత్తగా చేరినవారికి ఫ్రెష్‌మన్ జట్టు, ఆపైన జేవీ (జూనియర్ వర్సిటీ), అన్నిటికీ పైన బడి ప్రధాన జట్టు వర్సిటీ. వర్సిటీలో తగినన్ని మ్యాచ్‌లు ఆడితే బడి పేరులోని మొదటి అక్షరం ఊలు గుడ్డలో కత్తిరించి ఇస్తారు. దాన్ని జాకెట్ మీద కుట్టించుకోవడం అక్కడి పిల్లలకు మన దగ్గర ర్యాంకు ఫ్లెక్సీలో ఫొటో పడటం లాంటిది.

మధ్యాహ్నం దాకా కెమిస్ట్రీ చెప్పిన మాస్టారే మూడు గంటలకు టోపీ పెట్టుకుని కోచ్ అవుతాడు. దానికి జీతం మీద కొంత అదనం ఇస్తారు. గంటల లెక్కన చూస్తే అది కూలీకి కూడా సరిపోదని కోచ్‌లే హాస్యమాడతారు. మీద అథ్లెటిక్ డైరెక్టర్ అనే అధికారి ఒకరుంటారు. వాన పడితే ఏ మ్యాచ్ వాయిదా, అంపైర్ దొరక్కపోతే ఎవరికి ఫోన్ చేయాలి, బస్సు ఏ జట్టుకు ముందు, ఇవన్నీ ఆయన తలనొప్పులు. గ్యాలరీ కింద చిన్న గదిలో హాట్ డాగ్‌లు, వేడి కోకో అమ్మేది తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్బు. ఆ చిల్లరతోనే కొత్త యూనిఫాంలు వస్తాయి.

లెక్క చాలని చోటే అసలు కథ

తొమ్మిది వందల్లో సగం మగపిల్లలు అనుకుందాం. నాలుగు వందల యాభై. ఆకురాలు కాలంలో ఫుట్‌బాల్ జట్టు నిండాలంటే యాభై మంది కావాలి, సాకర్‌కు మూడు మెట్లు కలిపి మరో యాభై దాకా, క్రాస్ కంట్రీకి ముప్ఫై. ఇక మార్చింగ్ బ్యాండులో ఊదేవాళ్లు, నాటకం వేసేవాళ్లు, పార్ట్‌టైం ఉద్యోగం చేసేవాళ్లు ఉండనే ఉన్నారు. తమంతట ఆడటానికి వచ్చేవాళ్లతో లెక్క చాలదు. అప్పుడు కోచ్ ఏం చేస్తాడు? బడి వరండాలో నిలబడి పిల్లల్ని ఏరుకుంటాడు. పొడుగ్గా ఉన్నావు, వాలీబాల్‌కు రా. బ్యాండులో డ్రమ్ము మోస్తున్నావు, భుజాలు గట్టివి, డిస్కస్ విసిరి చూడు. బాస్కెట్‌బాల్ ముగిసిందిగా, మార్చిలో ఖాళీయేగా, హైజంప్‌కు వచ్చెయ్.

ఐదు వేల మంది ఉన్న బడిలో ఈ మాట వినపడదు. అక్కడ ట్రయల్స్ పెడతారు, తలుపుకు జాబితా అంటిస్తారు, పేరు లేనివాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. పదిహేను మంది బాస్కెట్‌బాల్ జట్టు ఐదు వేల మంది బడికీ పదిహేనే, ఐదు వందల బడికీ పదిహేనే. చిన్న బడిలో జట్టే పిల్లాడి కోసం వెతుక్కుంటుంది. పెద్ద బడిలో పిల్లాడు జట్టు గుమ్మం దగ్గర వరసలో నిలబడాలి.

1964లో రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్సాస్ రాష్ట్రపు బడుల్ని చూసి రాసిన పుస్తకంలో తేల్చింది ఇదే. పెద్ద బడిలో చేయడానికి పనులు ఎక్కువ రకాలుంటాయి, వాటిలో నిజంగా చేయి పెట్టే పిల్లలు మాత్రం చిన్న బడిలోనే ఎక్కువ. చదువులో వెనకబడ్డ పిల్లలక్కూడా అక్కడ “నేను రాకపోతే కుదరదు” అనే భావన కలుగుతోందని వాళ్లు గమనించారు. మిగతా సిద్ధాంతం మనకక్కర్లేదు.

ఫుట్‌బాల్‌లో ఇది కళ్లకు కడుతుంది. పెద్ద బడిలో దాడికి పదకొండు మంది, రక్షణకు వేరే పదకొండు మంది. బంతి చేతులు మారగానే ఒక దండు బయటికి, ఒక దండు లోపలికి. చిన్న బడిలో ఆ కుర్రాళ్లే ఉండిపోతారు. దాడీ వాళ్లదే, రక్షణా వాళ్లదే. నాలుగో క్వార్టర్‌కు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగర్చే పిల్లల్ని చూస్తే ఏ బడి చిన్నదో చెప్పేయొచ్చు.

> బాక్స్: 161 మంది బడి, 10 రెట్ల బడి
>
> 1954 మార్చి 20. ఇండియానా రాష్ట్ర హైస్కూలు బాస్కెట్‌బాల్ ఫైనల్. ఒకవైపు మిలన్ అనే పల్లెటూరి బడి, విద్యార్థులు 161 మంది. మరోవైపు మన్సీ సెంట్రల్, సుమారు పది రెట్లు పెద్దది. అప్పట్లో చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని బడులకూ ఒకే కప్పు. చివరి క్వార్టర్‌లో మిలన్ ఆటగాడు బాబీ ప్లంప్ బంతిని చేతిలో పట్టుకుని నాలుగు నిమిషాలకు పైగా కదలకుండా నిలబడ్డాడు. ఆఖరి సెకన్లలో ఒక్క ఉదుటున విసిరాడు. 32–30. ‘హూజియర్స్’ (1986) సినిమాకు ప్రేరణ ఈ మ్యాచే. ఇండియానా 1997 తర్వాత ఒకే కప్పు పద్ధతి వదిలేసి, విద్యార్థుల సంఖ్యను బట్టి తరగతులు పెట్టింది. మిలన్ గెలిచిన మైదానం బట్లర్ కాలేజీది. ప్లంప్ తర్వాత చదివిందీ ఆ కాలేజీలోనే. 2010లో జూబెక్ జట్టు ఓడించింది ఆ బట్లర్‌నే.

మాన్‌హాసెట్‌కు వచ్చిన కుర్రాడు

చిన్న శివారు బడి ఏం చేయగలదో చూపడానికి అమెరికన్లు ఎక్కువగా చెప్పే పేరు జిమ్ బ్రౌన్. జార్జియా తీరంలోని సెయింట్ సైమన్స్ దీవిలో పెరిగిన నల్లజాతి పిల్లవాడు. తల్లి న్యూయార్క్ శివారు లాంగ్ ఐలాండ్‌లో సంపన్నుల ఇళ్లలో పనిచేసేది. ఎనిమిదేళ్లప్పుడు ఆమె దగ్గరికి వచ్చాడు. మాన్‌హాసెట్ హైస్కూల్లో చేరాక ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్, లక్రాస్, ఈ ఐదింటిలో మొత్తం 13 వర్సిటీ అక్షరాలు సంపాదించాడు. లక్రాస్ అంటే చివర వలబుట్ట ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట. అప్పట్లో తూర్పు తీరపు డబ్బున్న తెల్లవాళ్లది. ఆ ఊళ్లో ఆ ఆట లేకపోతే ఆ పిల్లవాడి చేతికి ఆ కర్ర వచ్చేదే కాదు.

సిరక్యూస్ విశ్వవిద్యాలయం అతడికి మొదట స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. ఊళ్లో ఉన్న కెనెత్ మలాయ్ అనే లాయరు ఇరుగుపొరుగు దగ్గర చందాలు పోగుచేసి మొదటి ఏడాది ఖర్చు కట్టించాడు. కుర్రాడేమో అది స్కాలర్‌షిప్పే అనుకున్నాడు. తర్వాత క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు ఆడి ఫుట్‌బాల్ చరిత్రలో గొప్ప రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) అనిపించుకున్నాడు. ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ, లక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటు సంపాదించాడు. తర్వాతి జీవితంలో మచ్చలున్నాయి. స్త్రీలపై దాడి కేసులు ఎదుర్కొన్నాడు. 2023లో 87 ఏళ్ల వయసులో పోయాడు.

నన్ను ఆపేది ఆ చందాల సంగతి. ఊరి పెద్దలు ఆ కుర్రాణ్ని తమ బడి పిల్లాడని అనుకున్నారు. అదే ఊళ్లో అతడి తల్లి ఇంకొకరి వంటగదిలో పనిచేస్తోంది. ఆ రెండూ ఒక్క ఊళ్లోనే జరిగాయి, ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని వదిలేయలేం.

ఆడపిల్లలకు తలుపు తెరిచిన చట్టం

1971–72 విద్యా సంవత్సరంలో అమెరికా హైస్కూలు జట్లలో మగపిల్లలు 36 లక్షలకు పైన. ఆడపిల్లలు 2,94,015. చాలా బడుల్లో వాళ్లకున్న ఆట, జట్టును ఉత్సాహపరిచే చీర్‌లీడింగ్ ఒక్కటే. 1972 జూన్‌లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా లింగ వివక్ష చూపరాదన్నది సారాంశం. ఆ వాక్యంలో ఆటల మాటే లేదు. అయినా ఎక్కువగా మారింది ఆటలే. ఈ చట్టం కోసం కాంగ్రెసులో పోరాడినవారిలో ముఖ్యురాలు హవాయికి చెందిన జపాన్ సంతతి మహిళ పాట్సీ మింక్. ఇప్పుడు హైస్కూలు జట్లలో ఆడపిల్లలు 34 లక్షలకు పైనే.

చిన్న బడికి ఈ చట్టం ఒక చిక్కూ తెచ్చింది, మేలూ చేసింది. ఉన్న మైదానాల్నీ గంటల్నీ రెండింతల జట్లకు పంచాల్సి వచ్చింది. జిమ్ ఒక్కటే, సాధన వంతులవారీగా, ఓ రోజు అమ్మాయిలు ముందు, ఓ రోజు అబ్బాయిలు. ఆ వంతుల్లోంచే హాడన్‌ఫీల్డ్ బడి అమ్మాయి ఎరిన్ డోనహ్యూ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగు దాకా వెళ్లింది.

> బాక్స్: అంకెల్లో
>
> • 2023–24లో అమెరికా హైస్కూలు క్రీడల్లో పాల్గొన్నవారి లెక్క తొలిసారి 80 లక్షలు దాటింది. రెండు ఆటలు ఆడేవారిని రెండుసార్లు లెక్కిస్తారు.
> • మసాచుసెట్స్‌లోని నీధమ్, వెల్స్‌లీ శివారు బడుల మధ్య థాంక్స్‌గివింగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ 1882లో మొదలైంది.
> • పదకొండు మంది దొరకని బడుల కోసం 1934లో నెబ్రాస్కాలో స్టీఫెన్ ఎప్లర్ అనే ఉపాధ్యాయుడు ఆరుగురి ఫుట్‌బాల్ కనిపెట్టాడు. టెక్సాస్ చిన్న బడుల్లో నేటికీ ఆడుతున్నారు.
> • న్యూయార్క్ నగర ప్రభుత్వ హైస్కూళ్లలో 2008 నుంచి క్రికెట్ లీగ్ నడుస్తోంది. దక్షిణాసియా, కరీబియన్ వలస కుటుంబాల పిల్లలే ఎక్కువ.

టెక్సాస్‌లో తెలుగువారి ఎంపిక

డాలస్‌కు ఉత్తరాన అలెన్, ఫ్రిస్కో ఇరుగుపొరుగు పట్టణాలే. రెండింటా తెలుగు కుటుంబాలు దండిగా ఉన్నాయి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది. శనివారం ప్రసాదం క్యూలో నిలబడితే సగం కబుర్లు బడుల గురించే.

అలెన్ పట్టణమంతటికీ ఒక్కటే హైస్కూలు. ఐదు వేల మందికి పైగా పిల్లలు. 2012లో ఆరు కోట్ల డాలర్లతో 18,000 సీట్ల స్టేడియం కట్టారు. రెండేళ్లకే కాంక్రీటులో బీటలు కనపడి మూసేశారు, మరమ్మతు చేసి 2015లో తెరిచారు. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) కైలర్ ముర్రే హైస్కూలు ఆటలో 42 మ్యాచ్‌లు ఆడి 42 గెలిచాడు, తర్వాత ప్రొఫెషనల్ లీగుకు మొదటి ఎంపికయ్యాడు. ఐదు వేల మంది పిల్లలకు క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఒక్కడే.

ఫ్రిస్కో మరో దారి పట్టింది. 2000లో ముప్ఫై వేల పైచిలుకున్న ఊరు 2020కల్లా రెండు లక్షలైంది. అయినా హైస్కూలు ఒక్కొక్కటి సుమారు 2,100 మంది దాటకూడదని బడి బోర్డు పట్టుబట్టింది. దాంతో హైస్కూళ్లు పన్నెండయ్యాయి. పన్నెండు ఫుట్‌బాల్ జట్లు, పన్నెండు టెన్నిస్ జట్లు, పన్నెండు మంది క్వార్టర్‌బ్యాక్‌లు. ఎక్కువ మంది పిల్లలకు ఆడే అవకాశం, ముందు నిలబడే అవకాశం ఇవ్వడానికే ఇలా చేశామని వాళ్లే చెబుతారు. ఒక్కో బడికీ ఒక్కో స్టేడియం కట్టే స్థోమత ఎవరికుంటుంది? డాలస్ కౌబాయ్స్ జట్టు సాధన చేసే ఫోర్డ్ సెంటర్‌నూ మరికొన్ని మైదానాల్నీ బడులన్నీ పంచుకుంటాయి. గురువారం ఒక బడి ఆట, శుక్రవారం ఇంకొకరిది. రెండు వేల మందిని ‘చిన్న’ అనడం హాడన్‌ఫీల్డ్ వాళ్లకు నవ్వు తెప్పిస్తుంది. టెక్సాస్ కొలతలు వేరు.

మన తల్లిదండ్రుల మనసు ఎటు? రాష్ట్ర ర్యాంకుల్లో పెద్ద బడి పేరు ముందుంటే మనసు అటు లాగుతుంది. పిల్లవాడికి జట్టులో చోటు కావాలంటే ఇటు. టెక్సాస్‌లో 1984 నుంచి ఓ నిబంధన ఉంది. ఏ సబ్జెక్టులోనైనా 70 మార్కులకు తగ్గితే ఆ కొన్ని వారాలు మ్యాచ్ ఆడనివ్వరు. ఇది విన్నాక విజయవాడ నానమ్మలు కాస్త మెత్తబడతారు.

తెలుగు పిల్లలు ఎక్కువగా కనిపించేది టెన్నిస్, ఈత, క్రాస్ కంట్రీల్లో. ఫుట్‌బాల్ హెల్మెట్ చూస్తే తల్లులకు భయం. ఆ భయం ఉత్తిది కాదు. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే పదమూడేళ్ల బాలుడు తలకు దెబ్బ తగిలాక మళ్లీ మైదానంలోకి దిగి, మెదడుకు తీవ్ర గాయమై ఏళ్ల తరబడి కోలుకోవాల్సి వచ్చింది. 2009లో అతడి పేర చట్టం వచ్చింది. తలకు దెబ్బ తగిలిన పిల్లాణ్ని వైద్యుల అనుమతి లేకుండా తిరిగి ఆడించకూడదు. 2014కల్లా అన్ని రాష్ట్రాలూ అలాంటి చట్టాలు చేసుకున్నాయి. బదులు దిగే ఆటగాళ్లు లేని చిన్న బడిలో ఈ నిబంధన పాటించడం కోచ్‌కు కష్టం. పాటించక తప్పదు.

ఊరు కళ్లు మూసుకున్నప్పుడు

పిల్లల్ని ఇంతగా ప్రేమించే ఊరికి ఒక జబ్బు కూడా వస్తుంది. న్యూజెర్సీలోనే గ్లెన్ రిడ్జ్ అనే ఇంకో శివారు. హాడన్‌ఫీల్డ్ కన్నా చిన్నది. 1989 మార్చిలో ఆ ఊరి హైస్కూలు ఆటగాళ్లు కొందరు, మానసిక ఎదుగుదల లోపమున్న పదిహేడేళ్ల అమ్మాయిని ఇంటి నేలమాళిగలోకి తీసుకెళ్లి లైంగికంగా హింసించారు. ఆ అమ్మాయి వాళ్లకు చిన్నప్పటినుంచీ తెలిసినదే. సంగతి బయటపడ్డాక ఊళ్లో చాలామంది కుర్రాళ్ల పక్షాన నిలబడ్డారు. మంచి ఇళ్ల పిల్లలు, మన జట్టు వాళ్లు, భవిష్యత్తు పాడవుతుంది అన్నారు. 1993లో నలుగురిని కోర్టు దోషులుగా తేల్చింది. బెర్నార్డ్ లెఫ్కోవిట్జ్ ఆ ఊళ్లో తిరిగి రాసిన పుస్తకం పేరు ‘అవర్ గైస్’. ఆ కుర్రాళ్లు ఎన్నేళ్లుగా ఎలా గారాబంగా పెరిగారో, చిన్న తప్పుల్ని ఎవరెవరు ఎప్పుడెప్పుడు చూసీచూడనట్టు వదిలేశారో అందులో వరసగా వస్తుంది. చదివితే కడుపులో దేవినట్టవుతుంది.

నువ్వు రాకపోతే కుదరదు అని పిల్లాడికి చెప్పడం మంచిదే. నువ్వేం చేసినా చెల్లుతుంది అని వాడికి వినపడకుండా చూసుకోవాల్సిన బాధ్యత కోచ్‌ది, ప్రిన్సిపాల్‌ది, ఇంట్లోవాళ్లది. 2018లో హాడన్‌ఫీల్డ్‌లోనూ లక్రాస్ జట్టు ఆటగాడు పక్క బడి నల్లజాతి అమ్మాయిని జాతి పేరుతో దూషించాడన్న ఆరోపణ వచ్చింది. బడి ఆ జట్టు సీజన్‌నే మధ్యలో రద్దు చేసింది. తప్పు చేయని ఆటగాళ్లకూ శిక్షేనా అని తల్లిదండ్రులు గొడవపడ్డారు. వాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. గ్లెన్ రిడ్జ్ కథ చదివాక మాత్రం నేను బడి వైపే మొగ్గుతాను.

బడి బయటి బేరం

చిన్న బడి ఆటలకు ఇప్పుడు అసలు పోటీ పక్క బడి కాదు, ట్రావెల్ క్లబ్బులు. తల్లిదండ్రులు వేల డాలర్లు కట్టి, వారాంతాల్లో హోటళ్లలో దిగి, పిల్లల్ని ఒకే ఆటలో ఏడాది పొడవునా ఆడిస్తారు. కాలేజీ కోచ్‌లు కూడా ఆ టోర్నమెంట్లకే వెళ్లి పిల్లల్ని ఏరుతున్నారు. క్లబ్బులో సాకర్ ఆడే అమ్మాయి బడి ట్రాక్ జట్టుకు రాదు. అమ్మో, కాలు బెణికితే? జిమ్ బ్రౌన్ లాగా ఐదు ఆటలాడే పిల్లలు అందుకే తగ్గిపోతున్నారు. కుటుంబానికి క్లబ్బు కట్టే స్థోమత లేకపోతే పిల్లాడు బడి జట్టులోనూ వెనకపడతాడు. అవతలివాడు ఆరేళ్లప్పుడే మొదలుపెట్టాడు కదా.

2021లో న్యూజెర్సీ క్రీడా సంఘం హైస్కూలు పిల్లలు కూడా తమ పేరు, ముఖంతో వ్యాపార ప్రకటనల్లో సంపాదించుకోవచ్చని అనుమతించింది. బడి దుస్తులు వేసుకోకూడదన్నది షరతు. హాడన్‌ఫీల్డ్ లాంటి చోట ఎవరికైనా లాభమొచ్చినా అది ఏ పిజ్జా దుకాణం పోస్టరో అయ్యుంటుంది. అసలు భయం కాలేజీ సీటు మీద. 2019లో బయటపడిన ‘వర్సిటీ బ్లూస్’ కుంభకోణంలో రిక్ సింగర్ అనే సలహాదారు డబ్బున్నవాళ్ల పిల్లల్ని ఎన్నడూ ఆడని ఆటల్లో ఆటగాళ్లుగా చూపించి, ఫొటోలు అతికించి, కోచ్‌లకు లంచాలిచ్చి కాలేజీల్లో చేర్పించాడు. మూడున్నరేళ్ల జైలు పడింది. హైస్కూల్లో ఆట నేరుగా కాలేజీ తలుపు తెరుస్తుందనే నమ్మకం ఎంత బలంగా ఉంటే ఇంతటి మోసానికి గిరాకీ వస్తుందో!

మామూలు బడి పిల్లల్లో కాలేజీ జట్టుకు వెళ్లేవాళ్లు కొద్దిమందే. అలా వెళ్లిన జూబెక్ కూడా కాలేజీ కప్పు గెలిచి, ఎన్‌బీఏలో నెట్స్ జట్టుతో కుదిరి, సీజన్ మొదలవకముందే వెన్నునొప్పితో బయటికొచ్చాడు. తర్వాత సొంత ఊరు హాడన్‌ఫీల్డ్‌లో క్రీమ్ పఫ్‌ల దుకాణం తెరిచాడు. ఏడడుగుల మనిషి కౌంటరు వెనక నిలబడి మిఠాయి అమ్ముతుంటే చూడటానికే జనం వచ్చేవారట. అదీ ఎక్కువ కాలం నడవలేదు.

ఆరో వాడి లెక్క

ఈ బడుల్లో ఏ ఆట చూడాలి అని ఎవరైనా అడిగితే క్రాస్ కంట్రీ అంటాను. ఎవరినీ తీసేయని ఆట అది. పొడుగు, బలం, క్లబ్బు ఖర్చు, ఏదీ అడగదు. ఆగస్టులో వచ్చి నిలబడి పరుగెత్తగలిగితే జట్టులో ఉన్నట్టే. అందుకే వలస కుటుంబాల పిల్లలు, మన పిల్లలు కూడా, ఇక్కడే మొదట చేరతారు. గడ్డి మీద, చెట్ల మధ్య, బురదలో ఐదు కిలోమీటర్లు.

దాని లెక్క మాత్రం చాలామంది తల్లిదండ్రులకు మొదటి ఏడాదంతా అర్థం కాదు. వర్సిటీ జట్టుకు ఏడుగురు దిగుతారు. మొదట చేరిన ఐదుగురి స్థానాలు కలుపుతారు. తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలిచినట్టు. మొదటి ఐదు స్థానాలూ ఒకే బడివైతే 15, అంతకన్నా మేలైన లెక్క లేదు. ఆరో, ఏడో పిల్లల స్థానాలు తమ జట్టు మొత్తంలో కలవవు. కానీ వాళ్లు అవతలి జట్టు ఐదో వాడికన్నా ముందు చేరితే, వాడి స్థానం వెనక్కి పోతుంది, అవతలివారి మొత్తం పెరుగుతుంది. తమకు ఒక్క పాయింటూ రాకుండానే మ్యాచ్ తిప్పేస్తారన్నమాట. రెండు జట్ల మొత్తాలూ సమానమైతే గెలుపు తేల్చేది ఆరో వాడే. ఎవరి ఆరో పిల్లాడు ముందొచ్చాడో వాళ్లది కప్పు.

పెద్ద బడికి ఆరో వాడు ఎప్పుడూ దొరుకుతాడు. చిన్న బడి కోచ్ మాత్రం వాడి కోసం జూన్ నుంచే ఇళ్లకు ఫోన్లు చేస్తుంటాడు.